మూడో రింగు

గాలం కర్ర మీద దారం చుట్టేటప్పుడు మూడో రింగు దగ్గర ఆగిపోతాను. చుట్టు బాగానే వస్తుంది, అయినా విప్పేసి మళ్ళీ చుడతాను. ఒక్కోసారి మూడుసార్లు. కొనడానికొచ్చి ఎదురుగా కూర్చున్నవాళ్ళు, "అదేంటమ్మా, బాగానే ఉందిగా!" అంటారు. దారం మెలిపడిందని చెబుతాను. ఈ బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళయింది. అంతకుముందు ఇది నాన్న బల్ల. ఆ ఏడు వానాకాలం తర్వాత నాన్న మళ్ళీ కర్రకి దారం చుట్టలేదు.

మాది రోడ్డువైపు తలుపున్న ఒక గది షాపు, దాని వెనక రెండు గదుల ఇల్లు. నాన్నని అందరూ గాలాల మేస్త్రి అనేవాళ్ళు. కర్రలు కట్టలుగా బయటినుంచి వచ్చేవి. వాటికి పిడి అతికించి, రీలులోంచి గాలం దాకా వెళ్ళే తంగూసు తీగ జారడానికి వరసగా రింగులు నిలబెట్టి, ఒక్కో రింగు కాళ్ళనీ సన్నటి దారంతో కర్రకి చుట్టి బిగించి, పైన వార్నిష్ పూయడం మా పని. అందులో చుట్టడమే అసలు పని. కర్రని రెండు చెక్క గూటాల మీద పడుకోబెట్టి నెమ్మదిగా తిప్పుతుంటే, దారం ఒక లావుపాటి టెలిఫోను డైరెక్టరీ పేజీల మధ్యనుంచి బిగువుగా వచ్చి పక్కపక్కన పడుతూ పోతుంది. డైరెక్టరీ మీద ఒక రాయి ఉండేది. ఆ రాయి బరువే దారానికి బిగువు.

చుట్టడం అయ్యాక నునుపు పుల్ల పట్టాలి. పేరుకి పుల్లే గానీ అది దువ్వెన పిడంత ఎముక ముక్క. ఒక చివర పలచగా, ఇంకో చివర గుండ్రంగా ఉంటుంది. పలచటి చివరతో దారాల మధ్య సందుల్ని దగ్గరికి నెట్టి, గుండ్రటి చివరతో పైనుంచి రుద్దాలి. పది నిమిషాలు ఓపికగా రుద్దితే యాభై పోగులూ కలిసి ఒకే రిబ్బనులా కనిపిస్తాయి. గోటితో గీసినా పోగు తగలదు. ఆ రుద్దే చప్పుడు, పక్కగదిలో ఎవరో చాప మీద కాళ్ళీడుస్తూ నడుస్తున్నట్టుంటుంది.

పుల్ల నా చేతికిచ్చిన మొదటిరోజే నాన్న చెప్పాడు. "సందు వెంట్రుకవాసి ఉంటే నెట్టు. అంతకంటే ఎక్కువుంటే విప్పెయ్. నెట్టి సరిపెట్టావంటే పైకి బాగానే ఉంటుంది, లోపల దారం వదులుగానే ఉంటుంది. వార్నిష్ పడ్డాక ఇక నీకూ తెలీదు, నాకూ తెలీదు."

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. చెప్పినవన్నీ వచ్చేసినట్టే అనుకునేదాన్ని.

డ్రిల్లు మాస్టారు వేసవి చివర్లో ఒక సాయంత్రం షాపుకొచ్చారు. బడిలో ఆటల పీరియడ్లు ఎత్తేసి, ఆయన్ని ఆఫీసు గదిలో రిజిస్టర్ల ముందు కూర్చోబెట్టి అప్పటికి ఆరునెలలు. అయినా మెడలో విజిల్ మాత్రం తీసేవారు కాదు. ఒకప్పుడు ఆయన వీధి మొదట్లో మాట్లాడితే మా వంటింట్లోకి వినబడేది. ఈమధ్య ఎదురుగా నిలబడి మాట్లాడినా ముందుకు వంగి వినాల్సి వస్తోందని అమ్మ అనేది.

"ఏం ఎడమచెయ్యీ, నాన్నేడి?" అన్నారు. నాది ఎడమచేతివాటం. నా పేరు ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

"పన్ను పీకించుకోవడానికెళ్ళాడు మాస్టారూ."

"అయ్యో! మరి నా కర్ర? ఎల్లుండికి ఇస్తానన్నాడే."

నాన్న మూడు రోజులుగా పంటినొప్పితో దవడకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. మాస్టారి కర్రకి ఒక్క రింగు మిగిలిపోయింది, మూడోది. "ఒక్కటే ఉంది, నేను చుట్టేస్తాను. రేపు నాన్న వార్నిష్ వేస్తాడు" అన్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

ఎవరైనా చూస్తుంటే నాకు చెయ్యి నిలకడగా ఉండేది కాదు. దారం తెగింది. మళ్ళీ మొదలుపెట్టాను. సగంలో మళ్ళీ తెగింది.

"తొందరేం లేదమ్మా" అంటూనే ఆయన గోడ గడియారం వైపు చూశారు. ఆయనకి వెళ్ళడానికి వేరే చోటేమీ లేక కూర్చున్నారని, ఆ చూపు ఉత్త అలవాటని నాకు తర్వాత ఎప్పటికో తట్టింది. అప్పుడు మాత్రం సిగ్గేసింది. డైరెక్టరీ మీద రాయి తీసి కింద పెట్టేశాను. దారం తెగడం మానేసింది. రింగు కాలు మొదలయ్యేచోట, దారం కర్రమీంచి లోహం మీదికి ఎక్కే దగ్గర, గోరు పట్టేంత సందు పడింది. విప్పాలని తెలుసు. నునుపు పుల్ల తీసుకుని నెట్టాను. నెట్టి రుద్దాను, తిప్పి రుద్దాను. సందు మూసుకుపోయింది. పచ్చటి దారం మీద లైటు పడి తళతళ మెరిసింది.

"అబ్బ! మీ నాన్న చుట్టినట్టే ఉందే" అన్నారు మాస్టారు. వంగి చూపుడువేలితో ఆ చుట్టుని ఒకసారి నిమిరారు.

మర్నాడు పొద్దున నాన్న వాచిన బుగ్గతో, కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా వార్నిష్ బ్రష్షు పట్టుకున్నాడు. మాట్లాడితే నొప్పి. అయినా అడిగాడు.

"మూడోది నువ్వు చుట్టావా?"

"ఊఁ."

"బిగువు చూశావా?"

"చూశాను" అన్నాను.

వానలు మొదలైన రెండో వారంలో డ్రిల్లు మాస్టారు పోయారు. ఏటి ఆనకట్ట గేట్ల కింద బండల దగ్గర తెల్లవారి ఆరుగంటలకి చేపలు పట్టడానికి కూర్చున్నారట. తొమ్మిదింటికి అటువైపు వెళ్ళినవాళ్ళకి మనిషి కనబడలేదు. రెండు రోజుల తర్వాత దిగువన వంతెన దగ్గర దొరికారు. కర్ర మాత్రం బండల మధ్య ఇరుక్కుని అక్కడే ఉంది. చెప్పులు ఒడ్డున పక్కపక్కనే విడిచి ఉన్నాయి. వాటి మీద చేతి గడియారం, విజిల్.

ఆ విజిలే అందరి నోళ్ళలో నలిగింది. జారే బండ మీదికి చెప్పులు విడిచే ఎక్కుతారు, అందులో వింతేముంది అన్నవాళ్ళు కూడా విజిల్ దగ్గరికొచ్చేసరికి మాట మింగేసేవాళ్ళు. ఎప్పుడూ తీయని మనిషి ఆ రోజెందుకు తీశాడు? టీ కొట్టు దగ్గర ఒకాయన మా నాన్నతో, "ఉద్యోగంలో ఏం మిగిలింది చెప్పు, పాపం" అన్నాడు. నాన్న టీ సగంలో వదిలేసి వచ్చేశాడు.

నాకింకో మాట వినబడింది. కర్రకి మూడో రింగు ఊడి వేలాడుతోందని.

ఎలా చెప్పను ఆ రోజుల సంగతి? అన్నం ముందు కూర్చుంటే మెతుకులు లెక్కపెడుతున్నట్టు ఉండేదాన్ని. వానకి బయట బురద, లోపల ఆరని బట్టల వాసన. నాన్న బల్ల ముందు కూర్చుని ఎవరిదో కర్రని నునుపు పుల్లతో రుద్దుతుంటే, ఆ చప్పుడు నా వెనకే ఎవరో నడుస్తున్నట్టుండి మాటిమాటికీ తిరిగి చూసేదాన్ని. ఎవరూ ఉండేవాళ్ళు కాదు. స్టూలు ఉండేది.

మూడు వారాలకి మాస్టారి భార్య మా షాపుకొచ్చింది. మధ్యాహ్నం, జోరువాన. పాత రెయిన్‌కోటులో చుట్టి తెచ్చిన కర్రని బల్ల మీద పెట్టింది. ఇంట్లోనే బట్టలు కుట్టే మనిషి. చూపుడువేలి మీద సూది పోట్లు నల్లగా కనబడుతున్నాయి.

నాన్న స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"అన్నయ్యా, మీరొక్క మాట చెప్పాలి. ఈ రింగు ముందే ఊడిందా, ఆయన పడ్డాక రాళ్ళకి తగిలి ఊడిందా?"

నాన్న రెయిన్‌కోటు పూర్తిగా విప్పాడు.

"ముందే ఊడిందంటే..." ఆవిడ ఊపిరి తీసుకుంది. "చేప గుంజుతుంటే ఇది ఊడి, పట్టు తప్పి పడ్డారన్నమాట. కాదంటే, అందరూ అంటున్నదే నిజమనుకోవాలి. ఆయన మా అత్తయ్యకి ఒక్కడే కొడుకు. ఎవరో పుణ్యాత్ములు ఆవిడ చెవిలో కూడా వేశారు. మంచం దిగడం లేదు. ఆ రోజు పొద్దున నాతో ఏమీ అనలేదు అన్నయ్యా. టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్ళారు. గ్లాసు ఎప్పుడూ కడగరు. ఎందుకు కడిగారు?"

నాన్న కర్రని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. భూతద్దం తీశాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాకూ ఆ కిటికీకీ మధ్య నాలుగడుగుల దూరం. అక్కడినుంచి నాకు కనిపించింది, కర్ర మీద పచ్చగా కొంచెం దారం, పక్కకి ఒరిగిన రింగు, అంతే. రేకుల మీద వాన ఎంత గట్టిగా కురుస్తోందంటే నాన్న గొంతు సవరించుకోవడం నాకు వినబడలేదు, కనబడింది.

చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

"ముందే ఊడిందమ్మా" అన్నాడు. "దారం జారింది. నా చుట్టే అది. పంటినొప్పితో కూర్చున్నాను ఆ రోజుల్లో. బిగువు చూసుకోలేదు."

"నిజమేనా అన్నయ్యా?"

"నిజమే."

ఆవిడ అప్పుడు కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వాన కొంచెం తగ్గేదాకా అలాగే ఉంది. అరవలేదు, ఏడవలేదు, మా నాన్నని ఒక్క మాట అనలేదు. వెళ్ళేటప్పుడు, "దీన్ని నేను మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళలేను" అని కర్రని అక్కడే వదిలేసింది.

ఆవిడ వీధి మలుపు తిరగ్గానే నాన్న బ్లేడు తీశాడు. మూడో రింగు దగ్గర మిగిలిన దారమంతా చెక్కేసి, ఆ పీచు గుప్పిట్లో పట్టుకుని వంటింట్లోకెళ్ళి పొయ్యిలో వేశాడు.

"నాన్నా" అన్నాను, గుమ్మంలో నిలబడి.

"మీ అమ్మని కాస్త టీ పెట్టమను" అన్నాడు.

చుట్టు వదులై జారితే దారం తెగదు, చొక్కా చేతిలోంచి చెయ్యి తీసినట్టు మొత్తంగా వచ్చేస్తుంది. రాయికి కొట్టుకుని ఊడితే పోగులు తెగి బొచ్చులా లేస్తాయి. ఈ పనిలో ఏడాది ఉన్నవాళ్ళెవరికైనా తేడా తెలుస్తుంది. నాన్న ఆ కిటికీ దగ్గర రెండిట్లో ఏది చూశాడో ఆయనకే తెలియాలి. తర్వాత పద్నాలుగేళ్ళు బతికాడు. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉన్నాం. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు అడగడానికి లేడు.

అమ్మకి మాత్రం ఆ రోజే అర్థమైపోయింది, అంటే తనకి అర్థమైనట్టు.

"ముప్ఫయ్యేళ్ళలో మీ చుట్టు ఎప్పుడైనా జారిందా? ఆవిడ మీద జాలిపడి మీ నెత్తిన వేసుకున్నారు, అవునా కాదా?"

నాన్న వార్నిష్ సీసా మూత బిగిస్తూ కూర్చున్నాడు.

"మనిషి ప్రాణం పోయిందండీ! రేపు మన దగ్గర కర్ర కొనేదెవరు? ఆ మాట అనేముందు గుమ్మంలో నిలబడ్డ ఈ పిల్ల గుర్తు రాలేదా మీకు?"

"గుర్తొచ్చింది" అన్నాడు నాన్న.

ఆ మాట అమ్మకొకలా వినబడింది, నాకొకలా. నేను వెనక గదిలోకి వెళ్ళిపోయాను.

అమ్మ అన్నట్టే అయింది. బజారులో చేపలు పట్టే సామాన్లమ్మే ఆయన, మా కర్రలు ఏళ్ళ తరబడి తీసుకున్న మనిషి, వారం తిరక్కుండా పదకొండు కర్రల్ని తాళ్ళతో కట్టి రిక్షాలో పంపించేశాడు. తను రాలేదు. "కొన్నాళ్ళు ఆగుదాం మేస్త్రీ" అని చీటీ. నాన్న ఆ పదకొండూ గోడకి నిలబెట్టి, ఒక్కో రింగూ బొటనవేలితో నొక్కి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

దారం, డైరెక్టరీ, రాయి, పుల్ల అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టాడు. వానాకాలం కదా, ఎవరో విరిగిన గొడుగు తెచ్చి బాగుచేస్తావా అంటే చేశాడు. తర్వాత ఇంకొకరు తెచ్చారు. "గాలాల మేస్త్రి కాస్తా గొడుగుల మేస్త్రి అయ్యాడు" అని అమ్మ పక్కింటావిడతో అంటూ నవ్వబోయి ఏడ్చింది.

ఆ గొడుగులు నన్ను తినేశాయి. షాపు గుమ్మంలో ఎవరైనా తడిసిన గొడుగు మూసి దులుపుతుంటే, దాని వెనకనుంచి మాస్టారి మొహం బయటికొస్తుందని చూపు తిప్పేసుకునేదాన్ని. వాన కాస్త వెలిస్తే చూరు నీళ్ళ చప్పుడులో దూరంగా విజిల్ వినబడేది. ఒకసారి వంటింట్లో అమ్మని అడిగాను, "నీకు వినబడిందా?" అని. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఇంకోసారి, పగలే, నాన్న పక్కనే ఉండగా, "ఏం ఎడమచెయ్యీ, అయిందా?" అని స్పష్టంగా వినబడింది. వెనక్కి తిరిగితే స్టూలు మీద గొడుగులు పెట్టి ఉన్నాయి. నాన్న సూదిలో దారం ఎక్కిస్తూ నన్నే చూస్తున్నాడు.

"ఎవరైనా పిలిచారా?" అన్నాడు.

"లేదు."

ఆయన తల దించుకుని, చాలాసేపు ఆ సూది బెజ్జం వెతుక్కున్నాడు.

మాస్టారి కర్ర మూల నిలబడే ఉంది, మూడో రింగు లేకుండా. వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక పొద్దున అమ్మ దానివైపు చూపించి, "దాన్ని వాళ్ళింట్లో ఇచ్చేసి రా తల్లీ. అది ఎదురుగా ఉంటే నాకు ముద్ద దిగడం లేదు" అంది. నాన్న గొడుగు కుట్టడానికని బయటికెళ్ళి ఉన్నాడు. కర్ర తీసుకుని బయల్దేరాను. ఇచ్చేసి వచ్చేద్దామనే బయల్దేరాను.

వాళ్ళిల్లు బడి వెనక సందులో. ముందుగదిలో కుట్టుమిషను, గోడకి ఆటల కప్పులు వరసగా పెట్టిన చెక్క, దాని కింద మంచం. మంచం మీద మాస్టారి తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మాస్టారి భార్య నన్ను చూసి మిషను ఆపింది. కర్రని చూసింది. తలుపు వెనక నిలబెట్టమని చెయ్యి చూపించింది.

"నాన్న ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు పిన్నిగారూ."

"గొడుగులు కుడుతున్నాడటగా." ఆవిడ గుడ్డముక్క మీద దారప్పోగులు ఏరుతూ గొంతు తగ్గించింది. "మీ నాన్న దేవుడమ్మా. మాకోసం తన పని పాడుచేసుకున్నాడు. కానీ ఏం లాభం? మా అత్తయ్య ఒక్క రోజు కూడా నమ్మలేదు. మేస్త్రి చుట్టిన చుట్టు జారడమేంటే, జాలిపడి అన్నాడు అంది. నేను నమ్మినట్టే ఉంటున్నాను. నేను కూడా లేకపోతే ఈ ఇంట్లో ఇంకెవరు నమ్ముతారు?"

నేను వెళ్ళొస్తానని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. చెప్పుల్లో కాలు పెట్టి, తీసి, లోపలికొచ్చాను.

"ఆ రింగు నాన్న చుట్టలేదు" అన్నాను. "నేను చుట్టాను."

ఆవిడ తలెత్తింది.

చెప్పాను. దారం రెండుసార్లు తెగడం, రాయి తీసి కింద పెట్టడం, సందు పడితే విప్పకుండా పుల్లతో నెట్టి మూసేయడం, నాన్న అడిగితే బిగువు చూశానని అబద్ధం చెప్పడం, అన్నీ. చెబుతూ ఆవిడ చేతుల్నే చూశాను. ఆ చేతులు లేస్తే తప్పుకోకూడదనుకున్నాను.

"మీ నాన్న చెప్పి పంపాడా?"

"నాన్నకి నేనిక్కడికొచ్చినట్టే తెలీదు. అమ్మకి కూడా ఈ సంగతి తెలీదు."

ఆవిడ నా మొహాన్ని చూసినంతసేపు, అంతకుముందుగానీ తర్వాతగానీ ఎవరూ చూడలేదు. తర్వాత లేచి మంచం దగ్గరికెళ్ళింది. ముసలావిడ భుజం మీద చెయ్యి వేసింది.

"అత్తయ్యా, లేవండి. ఇటు తిరగండి. మేస్త్రి కూతురొచ్చింది. ఏదో చెబుతుంది, వినండి." నాతో, "దగ్గరికొచ్చి గట్టిగా చెప్పు. ఆవిడకి సరిగా వినబడదు" అంది.

మంచం పక్కన కింద కూర్చుని మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. గట్టిగా చెప్పాను. సందులో వెళ్ళేవాళ్ళకి కూడా వినబడే ఉంటుంది. ముసలావిడ నా పెదవుల్ని చూస్తూ విన్నది. అయ్యాక చెయ్యి చాపింది. నా చెయ్యి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసింది.

"నువ్వు చుట్టావా?"

"నేనే మామ్మగారూ. సరిగా చుట్టలేదు."

"అయితే చేప పడిందంటావా వాడికి?"

నాకేం తెలుసు? ఆ పొద్దున ఆ బండల మీద నేను లేను. ఎవరూ లేరు.

"పడింది మామ్మగారూ" అన్నాను. "పెద్దదే పడింది. చిన్నచేపకి ఆ రింగు ఊడదు."

వెనక మిషను దగ్గర మాస్టారి భార్య కూర్చున్న చప్పుడైంది.

ముసలావిడ మోచేతి మీద ఆనుకుని లేచి కూర్చుంది. "ఎంత ఉంటుంది?" అంది.

రెండు చేతులూ ఎడంగా పట్టుకుని చూపించాను. ఆవిడ నా చేతుల మధ్య ఎడాన్ని కాసేపు చూసింది. తర్వాత నా మణికట్లు రెండూ పట్టుకుని, నెమ్మదిగా, ఇంకొంచెం దూరం జరిపింది.